పప్పు మానేసిన మూడు నెలలు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. ధాన్యం కొనేవాళ్లు బస్తాకి ఇంతని తరుగు తీస్తారే, అలాగే మీరూ నా మాటల్లో కొంత తరుగు తీసుకుని చదువుకోండి.

ఈ ఉదయం బందరు లాబువాళ్లు నా పరీక్షల రిపోర్టు ఫోనుకి పంపారు. మా తాతగారి పొలం దస్తావేజులు కూడా అంత పొడుగు లేవు. లివర్‌లో కొవ్వు చేరిందనీ, సి-రియాక్టివ్ ప్రోటీన్ అనేదొకటి రక్తంలో ఉండాల్సినదానికంటే ఎక్కువుందనీ అందులో ఎర్రక్షరాల్లో కనబడేసరికి నాకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. ఆ ప్రోటీన్ అనే మాట మా ఇంటిని ఒకప్పుడు ఎన్ని చెరువుల నీళ్లు తాగించిందో నాకు తెలుసు.

పదిహేనేళ్ల కిందట నా ఉద్యోగం అవనిగడ్డలో, మకాం మా మేనమామ ఇంట్లో. మావయ్య మందు వాసన ఎరగడు. దగ్గుమందు సీసా మీద ఆల్కహాల్ అని రాసుందని తెలిసి, నెలరోజులు దగ్గాడు గానీ మూత తీయలేదు. అలాంటి మనిషికి లివర్ పాడవుతోందని గుడివాడ డాక్టరు చెప్పగానే దివిసీమ యావత్తూ, అంటే మా వీధిలో నాలుగిళ్లవాళ్లు, ముక్కున వేలేసుకున్నారు.

"ఏం బావా, మాకు తెలీకుండా ఎక్కడ పుచ్చుకుంటున్నావ్?" అన్నాడు ఎదురింటాయన.

"అన్నం పుచ్చుకుంటున్నానయ్యా, కంచం నిండా!" అని మావయ్య కసురుకున్నాడు. కోపంలో వచ్చిన ఆ మాటే అసలు నిజమని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

డాక్టరు మూడు నెలలు గడువిచ్చారు. బరువు తగ్గాలి, అప్పటికీ రక్తంలో అంకెలు దిగకపోతే పక్కలోంచి సూది గుచ్చి లివర్ ముక్క తీసి చూడాలి. సూదంటే మావయ్యకి సాక్షాత్తూ యముడు.

ఇంటికొచ్చాక మా అత్తయ్య ఆ రక్తపరీక్ష కాగితం ముందేసుకుని, అక్షరాలు కూడబలుక్కుని, ఒంట్లో ప్రోటీన్ ఎక్కువైందని తేల్చేసింది. ఇంకేముంది, ఆ పూట నుంచే పప్పు బందు, గుడ్డు బందు, చేపలమ్మి గుమ్మం తొక్కకూడదని ఆర్డరు. మనిషి నీరసపడకూడదు కదా అని వాటి బదులు ఇంకో నాలుగు గరిటెల అన్నం, చారు, బంగాళాదుంప వేపుడు. దివిసీమలో ఆ ఏడు పండిన ధాన్యంలో సగం మావయ్య కడుపులోకే వెళ్లింది. పప్పంటే ప్రాణం పెట్టే ఆ మనిషి, పక్కింట్లో తాలింపు వాసన వస్తే గోడ పట్టుకుని నిలబడిపోయేవాడు.

"ఒక్క ముద్దేనే, పప్పుతో" అని బతిమాలితే, "సూది కావాలా, పప్పు కావాలా?" అనేది అత్తయ్య.

గడువు తీరాక ముగ్గురం గుడివాడ బస్సెక్కాం. అంకెలు దిగలేదు సరికదా మెట్లెక్కాయి, మావయ్య నాలుగు కిలోలు పెరిగాడు. ఏం తింటున్నారో విని డాక్టరు తల పట్టుకున్నారు.

"అది పప్పులో ప్రోటీన్ కాదండీ బాబూ! లోపల వాపుంటే లివరే తయారుచేసి రక్తంలోకి వదిలే గుర్తు. మీకు కొవ్వు పెరుగుతున్నది ఆ అన్నం గుట్టల వల్ల. అసలు పప్పు మానమన్నదెవరు?"

అత్తయ్య తల వంచుకుని, "నేనేనండీ" అంది.

డాక్టరు ఇంకొక్క గడువిచ్చారు. పప్పూ చేపా తిరిగొచ్చాయి, అన్నం గుప్పెడైంది, మావయ్య రోజూ కరకట్ట మీద నడిచాడు. అంకెలు దిగాయి, సూది తప్పింది. మావయ్య తండ్రిగారు అంతకు రెట్టింపు అన్నం తిన్నా, పొద్దుగూకేదాకా చేలో వంగి దాన్ని అరిగించుకునేవారు. ఇప్పుడు దమ్మూ కోతా మెషీన్లు చేస్తున్నాయి, మన కంచాలు మాత్రం చిన్నవి కాలేదు.

ఇక తరుగు లెక్క. దగ్గు నెల కాదు, వారమే. ధాన్యం సంగతి మీకే తెలుసు. పూర్తిగా కల్పించింది ఒక్కటే: ఆ కాగితం చదివింది అత్తయ్య కాదు, ఆవిడకి ఇంగ్లీషు రాదు. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ వెలగబెట్టొచ్చి, కాలు మీద కాలేసుకుని చదివి, పప్పు మాన్పించినవాణ్ణి నేను. డాక్టరు అడిగినప్పుడు నా మొహం చూసి, నాకంటే ముందే ఆవిడ ఆ మాట అనేసింది. అప్పట్నుంచీ పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఆవిడ పేరు మీదే ఈ కథ చెప్పి అందర్నీ నవ్వించాను. ఆవిడా అక్కడే కూర్చుని నవ్వేది, ఒక్కసారీ కాదనలేదు. మావయ్య అంతకుముందే పోయాడు, ఆవిడ నిరుడు పోయింది. కథలో పేరు సరిదిద్దడానికి ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను.