దిష్టిబొమ్మ దగ్గర లాక్కున్న చొక్కా

రైల్వే గ్యాంగులో రిటైరైన నన్ను మా అబ్బాయి "కూకో నాన్నా, ఇంకేటీ సెయ్యొద్దు" అంటూ ఆరు నెలలుగా అరుగు దిగనివ్వలేదు. అన్నం కూడా సయించడం మానేసింది. మా జొన్నచేనుకి కాపలాగా వాడే నా ఖాకీ చొక్కా తొడిగి దిష్టిబొమ్మని నిలబెట్టాడు. ఈ రోజు పొద్దున్నే మనవరాలు పరుగెత్తుకొచ్చింది.

"తాతా! నీ సొక్కా మీదే సిలకలు కూకుని జొన్నలు తింతన్నాయి. నీకు రోసం నేదేటి?"

ఎందుకు లేదు! చేనుకెళ్లి మంచె ఎక్కి, ఒడిసెల గిరగిరా తిప్పి రాయి వదిలాను. ఒక్క రాయికే చిలకల గుంపంతా టైడా స్టేషను వైపు ఎగిరిపోయింది. కింద మా గుంట, అదే నా మనవరాలు, ఒకటే చప్పట్లు. మధ్యాహ్నం రెండు ముంతల అంబలి తాగాను.

సాయంత్రం చొక్కా నా ఒంటి మీదే ఇంటికొచ్చింది. అబ్బాయి తెల్లబోయాడు. మిమ్మల్నీ ఇలా కూర్చోబెట్టే కొడుకులుంటే చెప్పండి, మా గుంటని పంపుతాను. విశ్రాంతి మాత్రం రేపటి నుంచి దిష్టిబొమ్మకే.