అమ్మకొక సంగటి ముద్ద

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు మా అరుగు మీద రోజూ తొమ్మిది మంది పిల్లలు అన్నం తినేవాళ్ళు. వాళ్ళలో నా కడుపున పుట్టింది ఒక్కతే.

మాది తోటపల్లి గూడూరు దగ్గర చిన్న పల్లె. మా ఆయన ఊరి బళ్ళో అయ్యవారు. నాట్ల కాలంలో ఒకరోజు ఆయనకు క్యారియర్ ఇచ్చి చేను గట్టు మీదుగా తిరిగి వస్తున్నాను. వాన మొదలైంది. తుమ్మచెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో ఏడాది బిడ్డ తడిసి ముద్దయి ఏడుస్తోంది. తల్లి మోకాటి లోతు బురదలో నారు నాటుతోంది. బిడ్డను ఎత్తుకుని, "సాయంత్రం మా ఇంటికాడికి వచ్చి తీసుకుపోమ్మా" అని కేకేశాను.

మర్నాడు ఆమె తన బిడ్డతో పాటు ఇంకో ఇద్దరి బిడ్డల్ని తెచ్చింది. వారం తిరిగేసరికి ఏడుగురయ్యారు. పండగ కుట్టుపనితో ఊపిరాడని ఎదురింటి దర్జీ సాయిబు భార్య కూడా, "అక్కా, దీన్ని కూడా వాళ్ళలో కలుపుకో" అని తన చిన్న కూతుర్ని వదిలిపెట్టింది.

"బిడ్డల్ని సాకడమంటే కోడిపిల్లల్ని గంప కింద మూసినట్టు అనుకున్న్యావా?" అని మా అత్త కేకలేసింది. మర్నాడు తెల్లారి లేచి చూస్తే ఆమే పొయ్యి ముందు కూర్చుని రాగులు దోరగా వేయిస్తోంది.

పొద్దున మజ్జిగ కలిపిన రాగి జావ. మధ్యాహ్నం సంగటో, మెత్తగా ఉడికిన మొలగొలుకుల బియ్యం అన్నమో. అందులోకి ఏదో ఒక ఆకు వేసిన పెసరపప్పు, కాస్త నెయ్యి. వారానికి రెండుసార్లు తలా అరగుడ్డు. పగటి నిద్ర లేచాక ఉడకబెట్టిన గెనుసుగడ్డ, బెల్లం ముక్క. కారం తక్కువ, ఉప్పు సరిగ్గా. రోజూ వడ్డించాక మా అత్త పిల్లల్ని పెద్దవాళ్ళను అడిగినట్టే అడిగేది: "ఉప్పు చాలిందా?"

అందరూ గిన్నెలు నాకేవాళ్ళు, ఒక్కడు తప్ప. వాడికి నాలుగేళ్ళు నిండలేదు. తండ్రి లేడు, తల్లి కూలికి పోతుంది. ముద్ద పెడితే బుద్ధిగా అందుకుంటాడు, రెండు మెతుకులు నములుతాడు. కాసేపటికి గిన్నె ఖాళీ. అయినా వాడి ఎముకలు లెక్కపెట్టొచ్చు. కడుపులో పురుగులేమోనని వాము నీళ్ళు పట్టాను, వేపచిగురు నూరి మింగించాను. ఏ మార్పూ లేదు.

ఒకరోజు సాయంత్రం పిల్లలకు స్నానాలు చేయిస్తూ మా అత్త వాడి నిక్కరు విప్పి నన్ను గట్టిగా పిలిచింది. "మేయ్, ఇట్టరా!"

జేబులో నలిగిన సంగటి ముద్ద, అరగుడ్డు, వాటి చుట్టూ చీమలు.

"ఏందిరా ఇది?" అన్నాను.

"మాయమ్మకి."

"మీ అమ్మ తినే ఉంటదిలేరా."

"తినలా. పొద్దన కుండలో ఉండేదంతా నాకే పెట్టింది."

మా అత్త ఆ జేబును తిరగేసి చాలాసేపు ఉతికింది. తర్వాత నా వైపు చూడకుండానే అంది: "రేపట్నించి ముందు వీళ్ళమ్మకి తీసిపెట్టు. వీడు వాడంతట వాడే తింటాడు."

మర్నాడు మధ్యాహ్నం వాడి కళ్ళ ముందే ఒక గిన్నెలో సంగటి ముద్ద, పప్పు వేసి, పళ్ళెం మూత పెట్టి కిటికీలో ఉంచాను. "ఇది మీ అమ్మది. ఎవురూ ముట్టుకోరు. ఇంక నువ్వు తిను."

వాడు లేచి వెళ్ళి మూత తీసి చూశాడు. మళ్ళీ మూసి వచ్చి కూర్చున్నాడు. గిన్నెలోదంతా తిని, "ఇంకొంచెం" అన్నాడు. నాకూ మా అత్తకూ నవ్వు ఆగలేదు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. దర్జీ కూతురు గిన్నె పక్కకు నెట్టింది. "మాయమ్మకో?" అంతే, ఎవరికి వాళ్ళు అదే పాట. నేను ఎదురుగానే కూర్చుని ఉన్నా, నా కూతురు కూడా "అమ్మకి" అని రాగం తీసి, నా ముద్ద తీసి పెట్టేదాకా ఊరుకోలేదు. గిన్నెలు చాలక తామరాకులు తెచ్చి తొమ్మిది ముద్దలూ వరసగా పెట్టాం. మేం తినడానికి కుండలో అడుగంటిన మాడు మిగిలింది.

సాయంత్రం తల్లులు కాళ్ళకు బురదతో వచ్చి, పిల్లల్ని చంకనేసుకుని పోబోయారు. జేబులో సంగటి దాచిన మా వాడు తల్లి కొంగు పట్టుకుని అరుగు దగ్గరికి లాగాడు.

"వద్దులే అయ్యోరమ్మా, ఇంటికి పోయి వొండుకుంటా" అంది ఆమె.

"కూసో!" అన్నాడు వాడు. ఆమె కూర్చుంది. వాడు చిన్న గుప్పిట నిండా సంగటి తీసి, "ఆ... అను" అంటూ నోట్లో పెట్టి అడిగాడు: "ఉప్పు చాలిందా?"

ఆమెకు నవ్వుతో పొలమారింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే మా అత్త ఆమె తల మీద తడుతూ తానూ నవ్వింది. మిగతావాళ్ళు కూడా కూర్చున్నారు. దర్జీ భార్య కుట్టు ఆపి వచ్చి మెట్టు మీద చోటు చేసుకుంది. పొద్దుటి నుంచి వంగి వంగి ఉన్న ఆ నడుములు గోడకు ఆనుకున్నాయి. బడి నుంచి వచ్చిన మా ఆయన అడుగు పెట్టే సందు లేక వీధిలోనే నిలబడ్డాడు. "ఏంది, మనింట్లో పెళ్ళా?"

"గమ్మున దొడ్డిదోవన రా!" అంది మా అత్త.

రేపు ఇంతమందికీ ఎట్లా అని ఆ రాత్రంతా నేను బెంగపడ్డాను. మర్నాడు ఒకామె ఒడి నిండా పొన్నగంటి ఆకు తెచ్చింది. పుట్టిల్లు సముద్రపొడ్డున ఉన్న ఇంకొకామె ఎండు నెత్తళ్ళ చేపలు తెచ్చింది. దర్జీ ఇంటి నుంచి, వాళ్ళు పండక్కి వండుకునే పెద్ద దబర వచ్చింది. దాన్ని ఇద్దరం పట్టుకుంటే తప్ప పొయ్యి మీద నుంచి దించలేకపోయాం.

నాట్లు అయ్యేసరికి వాడి బుగ్గలు నిండాయి. మరుసటేడు ఇంకొందరు పిల్లలు చేరారు. మా అత్త వల్ల కావడం లేదు. అప్పుడు వాడి తల్లి, "నేను నాటుకి పోను, ఈడనే ఉంటా అయ్యోరమ్మా" అంది. మిగతా ఆడవాళ్ళు తమ కూలి వడ్లలో తలా కొన్ని ఆమెకు పెట్టారు. ఆ తర్వాత ఐదు నాట్ల కాలాలు ఆ పొయ్యిని మేమిద్దరం నడిపాం. పప్పు ఆమె చేతిలో నాకంటే బాగా కుదిరేది. ఆ మాట పిల్లలు మొహమాటం లేకుండా నా ముందే చెప్పేవాళ్ళు.