రాజేశ్వరి మిస్, చివరి ప్రశ్న

మొన్న మా ఊళ్ళో ఆర్.ఎస్. పురంలో బ్యాంకుకు వెళ్ళాను. టోకెన్ నంబరు మారినప్పుడల్లా టింగుమని గంట మోగుతోంది. మూడోసారి మోగేసరికి నా బొటనవేలు దానంతటదే కుర్చీ చేతిని నొక్కింది. పక్కావిడ వింతగా చూసింది. టీవీ స్టూడియోలో బజర్ ముందు కూర్చుని పన్నెండేళ్ళయింది. ఆ చప్పుడు వింటే నాకు ముందుగా రాజేశ్వరి మిస్ గుర్తుకొస్తారు.

ఆమె మా విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పేవారు. ఫరూక్, దేవిక, నేను ఉన్న క్విజ్ జట్టును తయారుచేసిందీ ఆమే. నాలాగే ఆమెదీ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మేమిద్దరమే ఉన్నప్పుడు తెలుగులోకి దిగిపోయేవారు.

చెన్నైలో టీవీ క్విజ్ ఫైనల్. చివరి ప్రశ్న వచ్చేసరికి మేము ఐదు మార్కులు ముందున్నాం. వదిలేస్తే ఏమీ పోదు, తప్పు చెబితే పది పోతాయి. తెర మీద ఒక పాత సత్రం, గోడ మీద తెలుగు శాసనం. కట్టించినదెవరు? అవతలి జట్టు చేతులు కట్టుకుని చూస్తోంది. దేవిక నన్ను మోచేత్తో పొడిచి, "నీ భాషే గదా, చదువు!" అంది తమిళంలో. నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు, ఒక్క అక్షరమూ తెలియదు. ఆ సంగతి చెప్పలేక, చదువుతున్నట్టు కళ్ళు చికిలించి, బజర్ నొక్కి, నోటికొచ్చిన రాజు పేరు చెప్పాను. కట్టించింది ఒక రాణి. అలా ఓడిపోయాం.

తిరుగు రైల్లో ఫరూక్, దేవిక పై బెర్తులెక్కి పడుకున్నారు. సేలం దాటాక మిస్ పక్కన కూర్చుని నిజం చెప్పేశాను.

"అప్పుడే ఏల చెప్పలేదు?"

"ఇంట్లో మాట్లాడుతాము గదా మిస్. చదివేకి రాదని చెప్పేకి సిగ్గయింది."

ఆమె నావైపు తిరిగారు. "నాకూ రాదు, కణ్ణు," అన్నారు, 'కన్నా' అనే తమిళ ముద్దుమాటతో. "ఇన్నేండ్లు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు." తరువాత మెల్లగా, "వాళ్ళిద్దరితో నువ్వే చెప్పు," అన్నారు.

చెప్పాను. ఫరూక్ నవ్వేశాడు. దేవిక నెలరోజులు నాతో మాట్లాడలేదు.

ఆ వారమే మిస్ ఒకటో తరగతి తెలుగు వాచకాలు రెండు తెప్పించారు, ఆమెకొకటి, నాకొకటి. యాభై ఆరేళ్ళ మనిషి, స్టాఫ్ రూములో అందరి ఎదుటా పలక పట్టుకున్నట్టు నోటుబుక్కు పట్టుకుని అక్షరాలు దిద్దేవారు. పుస్తకాన్ని ఫైలు కింద దాచుకోలేదు. ప, వ ఆమెకు ఎప్పుడూ తారుమారే. విద్యార్థులు నవ్వితే తనూ నవ్వేవారు. "ఈ వయసులో ఎందుకు మిస్?" అని అడిగాను. "తప్పు రాసేకి వయసుండాదా?" అన్నారు.

కూడబలుక్కుంటూ మేమిద్దరం మొదటి కథ పూర్తిచేసింది ఆమె రిటైరయిన నెలలో. మూడేళ్ళ కిందట ఆమె పోయారు.

నేనిప్పుడు పంపులు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరును. మీటింగుల్లో నాకంటే చిన్నవాళ్ళు నాకు తెలియనిది అడుగుతారు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కవచ్చు. "నాకు తెలియదు, నేర్చుకుని చెబుతాను," అంటాను. ఇప్పటికీ ఆ మాట అంటుంటే చెవులు వేడెక్కుతాయి. అయినా అంటాను.