కవరు తీయని బుట్ట

మొన్న వానలు మొదలయ్యే ముందు ఎదురింటి అమ్మాయి వచ్చి వాకిట్లోనే నిలబడి అడిగింది.

"ఆంటీ, అప్పుడు మీ పిల్లికి ఒక బ్యాగు సర్దిండ్రు గదా. మా దానికి గూడ గట్లనే ఒకటి సర్దియ్యరాదు? మళ్ల నీళ్లొస్తే పరేషాన్ గావొద్దని."

ఆమె చంకలో బూడిదరంగు పిల్లిపిల్ల ఉంది. దాని మెడ మీద వేలితో రాస్తూ సరేనన్నాను. లోపలికొచ్చి, వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చాను.

మాది దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ వైపు వెళ్తుంటే లోపలికి, చెరువుకు దిగువన ఉండే కాలనీ. మావారి ఉద్యోగం కోసం బందరు నుంచి వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాం. ఒకటే అంతస్తు. పైకి మెట్లు కూడా లేవు. మేడ వేసినప్పుడు చూద్దాంలే అన్నారాయన, ఆ మేడ లేవనేలేదు. ఒక వానాకాలం నీళ్లు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి. ఆ భయంతోనే మా పిల్లికి బ్యాగు తయారైంది.

చారల పిల్లి. పిల్లగా ఉన్నప్పుడు స్కూటర్ సీటు కింద దొరికింది. నాకు మొదట్లో దాని పొడ గిట్టేది కాదు. మావారు మాత్రం దాన్ని అమ్మడూ అని పిలిచేవారు. నన్ను ఏనాడూ అలా పిలిచిన పాపాన పోలేదు. పొద్దున్నే స్టీలు గిన్నెలో పాలు పోసి చెంచాతో టంగుటంగుమని కొట్టేవారు. ఏ గోడ మీదున్నా పరిగెత్తుకొచ్చేది.

టీవీలో ఎవరో చెప్పారట, వరదొస్తే పెంపుడు జంతువులకు కూడా అన్నీ ముందే సర్ది పెట్టుకోవాలని. "మన సర్టిఫికెట్లకి ఫైలుంది. దానికేముందే?" అన్నారు. ఆయన ఏదైనా పట్టుకుంటే వదిలే మనిషి కాదు. టీకాల కార్డు జిప్ కవర్లో పెట్టారు. తిండి ప్యాకెట్, నీళ్ల సీసా, ఇసుక పోయడానికి పాత ట్రే, తువ్వాలు, తప్పిపోతే చూపించడానికి దాని ఫోటో. అన్నిటికన్నా ముఖ్యంగా, జాలీ తలుపున్న ప్లాస్టిక్ బుట్ట ఒకటి దిల్‌సుఖ్‌నగర్లో నాలుగు షాపులు తిరిగి కొన్నారు. అడుగున నా పాత నేతచీర మడతపెట్టి పరిచాను.

అంతా బాగానే ఉంది. మావారి సంగతే చెప్పాలి. మా ఇంట్లో టీవీ రిమోట్‌కి కవరు. సోఫాకి కవరు. పెళ్లినాటి సూట్‌కేసుకి ఇప్పటికీ కవరే. మిక్సీని వాడిన ప్రతిసారీ కడిగి మళ్లీ అట్టపెట్టెలో పెట్టాలి. ఇక ఆ బుట్టని వదులుతారా? అది వచ్చిన పెద్ద ప్లాస్టిక్ కవర్లోనే దూర్చి, మూతి బిగించి, అటక మీద పెట్టారు.

"కింద పెట్టండి, అదే ఎక్కి ఆడుకుంటుంది," అన్నాను.

"గోళ్లతో గీకేస్తుందే. అవసరమొచ్చినప్పుడు కొత్తగా ఉండొద్దూ?" అన్నారు.

ఆ బుట్ట అటక దిగింది రెండేసార్లు. ఒకసారి ఇంజెక్షన్‌కి, ఇంకోసారి ఆపరేషన్‌కి. రెండుసార్లూ పశువుల డాక్టరు దగ్గరికే. ఆ తర్వాత పండగ సామాను కోసం ఆయన అటక మీద చెయ్యి పెట్టి, ఆ కవరు కాస్త గరగరలాడినా చాలు, పిల్లి మంచం కిందకి దూరిపోయేది. "ఎంత తెలివో చూడవే!" అని మురిసిపోయేవారు. నేనూ నవ్వేదాన్ని.

పోయినేడు బతుకమ్మ రోజుల్లో చెరువు నిండి, ఇక్కడివాళ్లు మత్తడి అనే అలుగు మీంచి నీళ్లు దూకాయి. మధ్యాహ్నం అన్నం తింటుంటే నీళ్లు గుమ్మం దాటాయి. కంచాలు కడిగేలోగా మోకాళ్ల దాకా వచ్చాయి. పిల్లి వంటింటి గట్టు మీద కూర్చుని, బెదరకుండా, పైకొస్తున్న నీళ్లను వింతగా చూస్తోంది. చెయ్యి చాపితే అందేది. సందులోకి పడవ వచ్చింది. పడవతన్ని ఉండమని చెప్పి, మావారు స్టూలెక్కి అటక మీంచి బుట్టను లాగారు.

కవరు గరగరలాడింది.

అంతే. పిల్లి గట్టు మీంచి ఫ్రిజ్ మీదికి, అక్కడినుంచి వెంటిలేటర్‌లోంచి బయట సన్‌షేడ్ మీదికి దూకి, గోడ మలుపు తిరిగి కనపడకుండా పోయింది. ఆయన నడుంలోతు నీళ్లలో నిలబడి అమ్మడూ అమ్మడూ అని పిలుస్తూ గిన్నె కొట్టారు. అది రాలేదు.

"జల్దీ రాండ్రి సార్, నీళ్లు పెరుగుతున్నయ్," అన్నాడు పడవతను. "పిల్లి యాడనో ఒక కాడ ఎక్కి బతుకుతది. మీరు బతకొద్దా?"

మావారు బుట్టను కవరు తీసి, తలుపు తెరిచి మళ్లీ అటక మీదే పెట్టారు. పక్కన తిండి ప్యాకెట్ కొద్దిగా చింపి ఉంచారు. పడవ మలుపు తిరిగేదాకా మా సన్‌షేడ్ వైపే చూస్తూ కూర్చున్నారు.

నాగోల్‌లో మా ఆడపడుచు ఇంట్లో తలదాచుకున్నాం. ఆయన రోజూ బస్సెక్కి మా కాలనీ మలుపు దాకా వెళ్లి, నీళ్లు చూసి తిరిగొచ్చేవారు. పడవల వాళ్లను బతిమాలేవారు. వాళ్లకు మనుషులతోనే తీరిక లేదు. ఒకరోజు ఒట్టి చేతులతో వచ్చి అన్నానికి కూర్చుంటే నాకు ఒళ్లు మండిపోయింది. "మీ దిక్కుమాలిన కవరే తరిమింది దాన్ని," అన్నాను. ఆయన కంచంలో అన్నం అలాగే వదిలేసి లేచారు.

నీళ్లు దిగాక వెళ్లాం. ఇల్లంతా బురద. గోడల మీద నా భుజాలెత్తున మరక. మావారు చెప్పులతోనే స్టూలెక్కి అటక మీదికి తొంగి చూశారు. బుట్టని రెండు చేతులతో కిందికి దించారు. తిండి ప్యాకెట్ గోళ్లతో పూర్తిగా చీల్చి ఉంది, లోపల ఒక్క గింజ లేదు. బుట్టలో నా చీర గుండ్రంగా గుంటపడి ఉంది. దాని నిండా చారల పిల్లి వెంట్రుకలు.

మేం ఎక్కించబోతే పారిపోయింది. మేం వెళ్లిపోయాక తనంతట తానే వచ్చి అందులో పడుకుంది.

ఎదురింటి అమ్మాయి వాళ్లు నీళ్లున్నన్నాళ్లూ వాళ్ల మేడ మీదే ఉన్నారు. ఆ పిల్ల అప్పుడు చెప్పింది. "మీ సన్‌షేడ్ మీద కూసునేది ఆంటీ. పొద్దుందాక మలుపు దిక్కే సూసేది. నేను రొట్టె ఇసిరిన, అందక నీళ్లల్ల పడ్డది. నీళ్లు దిగుతుంటె దిగి, బురదల నడుసుకుంట మీరు పోయిన దిక్కే పోయింది. మళ్ల కనపడలే."

వెతకని చోటు లేదు. సైదాబాద్ దాకా తిరిగాం. బ్యాగులోని ఫోటో అప్పుడు పనికొచ్చింది. టీ కొట్ల వాళ్లకు, చెత్తబండి వాళ్లకు చూపించాం. ఎవరూ చూడలేదన్నారు. నాలుగిళ్లలో గిన్నెలు నాకుతూ పెరిగిన పిల్లి కాదు కదా, మా గిన్నె చప్పుడు తప్ప దానికేం తెలుసు?

అడిగిన మర్నాడే ఎదురింటి అమ్మాయికి బ్యాగు సర్దాను. టీకాల కార్డు, ఫోటో, తిండి అన్నీ పెట్టాక ఆమె మా హాల్లో మూలనున్న బుట్ట వైపు చూసింది. తలుపు తెరిచే ఉంది, లోపల ఉతకని చీర.

"గది ఉత్తగనే ఉంది గదా ఆంటీ, మాకియ్యరాదు?"

నేను నోరు తెరిచేలోగా మావారు సోఫాలోంచి లేచారు. "అది మాత్రం కాదమ్మా," అన్నారు. చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయారు. ఆ పిల్ల ఏమైనా తప్పుగా అడిగానా అన్నట్టు నా మొహంలోకి చూసింది.

సాయంత్రానికి కొత్త బుట్టతో వచ్చారు. దాని మీద కవరు లేదు. షాపులోనే చింపేసి, అక్కడే పారేసి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారట. తిన్నగా ఎదురింటికే వెళ్లి హాలు మధ్యలో నేల మీద పెట్టారు.

"అటకెక్కించకమ్మా. దీన్లోనే పాలగిన్నె పెట్టు. గీకితే గీకనీ," అన్నారు.

ఆ పిల్లిపిల్ల వాసన చూసి, ముందు కాళ్లు లోపల పెట్టి, మెల్లగా లోపలికి వెళ్లి కూర్చుంది. మావారు దాన్ని చూస్తూ కాసేపు అక్కడే కింద కూర్చున్నారు. తర్వాత ఇంటికొచ్చి, పాలగిన్నె కడిగి, వాకిట్లో నిలబడి చెంచాతో కొట్టడం మొదలుపెట్టారు. నేను ఆపమనలేదు.