బాపు పంపిన బ్యాటు

కబడ్డీకి ఏం కావాలి అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏమీ అక్కర్లేని ఆట అనే కదా మాకు ఏమీ ఇవ్వలేదు!

మా ఊరు కోరుట్లకు దగ్గర. ఇంటికో మగమనిషి గల్ఫ్‌లో ఉన్న రోజులవి. కల్లు గీయడానికి తాళ్లెక్కడం మానేసి మా బాపు కూడా దుబాయి పోయాడు, కట్టడాల పనికి. నేను తొమ్మిదో తరగతి. బడి మైదానంలో మేం ఏడుగురం ఆడపిల్లలం కబడ్డీ ఆడేవాళ్లం. కోర్టు మేమే తవ్వుకున్నాం, రాళ్లు మేమే ఏరుకున్నాం.

ఒకసారి ఫోనులో బాపు "ఏం పంపాలె బిడ్డా?" అన్నాడు.

"బడిల ఆట ఆడుతున్న బాపూ. ఆటకు పనికొచ్చేది పంపు."

మోకాళ్లకు తొడుగులు వస్తాయని నా ఆశ. ఏ ఆట అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. రెండు నెలలకు, సెలవు మీద వచ్చిన పక్కింటాయన సంచిలోంచి నిగనిగలాడే క్రికెట్ బ్యాటు దిగింది. మన దేశంలో ఆట అంటే ఒక్కటే కదా! మూడు రోజులు ఏడ్చాను. ఆ కోపం బాపు మీద కాదు.

అదే నెలలో గల్ఫ్‌లో ఉన్నవాళ్లంతా చందాలేసి బడిలో సిమెంటు పిచ్ వేయించారు. సరిగ్గా మా కోర్టు మీద.

"గోడ పక్కకు పోయి ఆడుకోండ్రి చెల్లె," అన్నాడు క్రికెట్ జట్టు కెప్టెన్. "కబడ్డీకేంది, యాడనన్న ఆడొచ్చు."

"మేం తవ్వుకున్న జాగ అన్నా గిది!"

ఆటల సారు తల వంచుకున్నాడు. గోడ పక్కన ఉన్నవి పగిలిన పెంకులు, గాజు ముక్కలు. పోయాం. పలుగులు పట్టుకునే పోయాం. తవ్వి, మన్ను జల్లెడ పట్టి, నీళ్లు పోశాం. అణచడానికి దిమ్మిస అడిగితే ఎవరూ ఇవ్వలేదు. ఇంటికి ఉరికి బ్యాటు తెచ్చాను. రెండు చేతులా పట్టుకుని తడిమట్టిని దబదబా బాదాను.

ఆట ఆపి మగపిల్లలంతా ఉరికొచ్చారు.

"దుబాయి బ్యాటుతోని మన్ను కొడుతున్నవా? తలకాయ ఉన్నదా నీకు? మాకియ్యి!"

"మీకు పిచ్ ఉన్నది. మాకు దిమ్మిస లేదు."

ఇవ్వలేదు. ఏడుగురం వంతులేసుకుని బాదాం. ఆ ఏడాది, ఆ పై ఏడాది కూడా ఆ మట్టిలోనే ఆడి జగిత్యాల పోటీలకు వెళ్లాం.

దుబాయి పోయిన రెండేళ్లకు, నేను పదిలో ఉండగా, బాపు సెలవు మీద వచ్చాడు. కాళ్లు కడుక్కోకముందే బ్యాటేదని అడిగాడు. బిడ్డ క్రికెట్ ఆడుతుందని అక్కడి కూలీల క్యాంపులో అందరికీ చెప్పుకున్నాడట. తెచ్చి చేతిలో పెట్టాను. అంచులు పగిలి, మన్ను పట్టి ఉంది. ఫోనులో చెప్పలేకపోయిందంతా అప్పుడు చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది.

"పిచ్‌కు నేను గూడ చందా ఇచ్చిన బిడ్డా," అన్నాడు చివరికి. "దాని మీద నువ్వు ఆడుతవని."

ఆయన కళ్లు తుడుచుకుంటూ, "మరి మీ ఆటకు ఏం కావాలె? ఈసారి గదే పంపుత," అన్నాడు.

"దుబాయిల దొరకది బాపూ. జాగ కావాలె. గోడ పక్కన ఇంకో కోర్టుకు చోటున్నది. రేపు పొద్దుగాల పార పట్టుకుని రా."

వచ్చాడు. పిచ్ మీదుగానే నడిచి వచ్చాడు. సెలవు ఉన్నన్నాళ్లూ వచ్చాడు.