పురుగు పట్టిన పిడికెడు బియ్యం

సహోదరులారా, సహోదరీలారా, మస్కట్‌లో నలభై రోజులు నేను అన్నం ముద్ద మింగలేదంటే అదేదో ఉపవాస ప్రార్థన అనుకోకండి, అంత భక్తి నాకెక్కడిది! వండుకునేదాన్ని, కంచంలో పెట్టుకునేదాన్ని, ఎదురుగా గోడకు అతికించిన నా బిడ్డ కృప ఫొటో చూసేదాన్ని, ఇక ముద్ద గొంతు దిగేది కాదు. చాయ, బిస్కెట్లు, వాటితోనే బడికి పోయేదాన్ని. ఏదో జబ్బనుకొని ఆస్పత్రికి పోతే ఏ పరీక్షలోనూ ఏమీ తేలలేదు. మనసును తినే ఆ బెంగకు మన కోరుట్లలో అందరికీ తెలిసిన పేరుంది, రంది అంటాం. ఆ మాట అక్కడి డాక్టరుకు ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఇంగ్లీషు టీచర్నయిన నాకే తెలియలేదు!

పెద్దవాళ్ళకు నేను తెలుసు, తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. నేను కరుణ టీచర్ని, ఈ ఊళ్ళోనే ఒక చిన్న ప్రైవేటు బడిలో తొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పాను. మా ఆయన జగిత్యాలలో బస్సు కండక్టరు. తెలంగాణ కొట్లాట ముదిరిన రోజులవి, ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, మా బడి తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ. అప్పుడు మస్కట్‌లోని ఒక ఇంటర్నేషనల్ స్కూలు నుంచి నాకు పిలుపు వచ్చింది. ఆరు నెలలు నా పని చూస్తారట, నచ్చి ఖాయం చేస్తే నా బిడ్డను తెచ్చుకోవచ్చట, అదే బడిలో చదివించుకోవచ్చట! కృపకు అప్పుడు ఆరేళ్ళు. ఆరు నెలలే కదా, కళ్ళు మూసుకుంటే గడిచిపోతాయనుకొని విమానం ఎక్కాను.

అక్కడికి పోయి నేను చేసిన మొదటి పని ఏమిటో చెప్పనా, అబద్ధమాడాను. ఆ బడి ముందర ఎండలో రాళ్ళు పరుస్తున్న కూలీలు ఒకరినొకరు పిలుచుకుంటుంటే విన్నాను, అది మన తెలుగు, పెగడపల్లి తెలుగు, కథలాపూర్ తెలుగు! నా ప్రాణం లేచి వచ్చింది. కానీ స్టాఫ్ రూములో తోటి టీచర్లు ఆ కూలీల గురించి ఎంత చులకనగా మాట్లాడుకుంటారో అదే రోజు విన్నాను. మీది ఏ ఊరని వాళ్ళు అడిగితే నా నోటి వెంట హైదరాబాద్ అని వచ్చేసింది. అప్పటినుంచి మనవాళ్ళు ఎదురైతే తల తిప్పుకునేదాన్ని, టీచర్ల వ్యాను నడిపే డ్రైవరుతో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడేదాన్ని. అక్కడ సెలవు శుక్రవారం, తెలుగు ప్రార్థన కూడా ఆ రోజే జరుగుతుందని తెలిసినా పోలేదు, ఎందుకంటే ఆ ప్రార్థనకు వచ్చేది ఆ కూలీలే.

ఒక్క అలవాటు మాత్రం నన్ను వదలలేదు. మన ఆడవాళ్ళం ఎసట్లో బియ్యం పోసేముందు దేవునికని ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తాం కదా, ఆదివారం తెచ్చి ఈ గుమ్మం దగ్గరి సంచిలో పోస్తాం కదా! అక్కడ పోయడానికి నాకు మందిరం లేదు, అయినా చేయి ఊరుకునేది కాదు, రోజూ తీసి డబ్బాలో వేసి మూత బిగించేదాన్ని. ఇక్కడ కృప కూడా మొదలుపెట్టింది.

"మమ్మీ, నేను గూడ పిడికెడు బియ్యం తీస్తున్న. నా పిడికిలి చిన్నగున్నది గదా, గందుకే రెండుసార్లు తీస్తున్న" అనేది ఫోనులో. ఆ వెంటనే, "బడి బందున్నది మమ్మీ. నువ్వే రారాదు? నాకు నువ్వే సదువు చెప్పరాదు?" అని అడిగేది.

ఎవరి పిల్లలకో పొద్దంతా అక్షరాలు దిద్దించి వచ్చిన దాన్ని, నా పిల్ల అడిగితే మాట మార్చేదాన్ని, తిన్నవా అంటే తిన్నానని అబద్ధం చెప్పేదాన్ని. దాని జడ వాసన కావాలనిపించేది. నేను దిద్దే నోటుపుస్తకాల్లో దాని చేతిరాత కోసం వెతికేదాన్ని, అందులో ఉండదని తెలిసీ వెతికేదాన్ని.

ఒకరోజు పొద్దున అసెంబ్లీలో కళ్ళు తిరిగి పడిపోయాను. ప్రిన్సిపాలమ్మ మంచిది, దగ్గర కూర్చోబెట్టుకొని, ఇంకో నెల చూస్తాను, ఇలాగే ఉంటే ఇంటికి పంపక తప్పదు అని చెప్పింది. మందిరంలో నిలబడి నిజమే చెబుతున్నాను, ఆ మాటకు నాకు సంతోషమే కలిగింది! బిడ్డను ఆ బడిలో చదివించాలన్న ఆశ అక్కడికక్కడే వదిలేసుకొని, పంపేదాకా ఎందుకని నేనే రాజీనామా కాగితం రాసి బ్యాగులో పెట్టుకున్నాను. గది సర్దుకుంటూ ఆ బియ్యం డబ్బా తెరిస్తే నిండా పురుగు. నా పిడికెడు దేవునికి కూడా అక్కర్లేదనిపించి ఏడుపొచ్చింది.

మరునాడు పొద్దున వ్యాను ఆగేచోట ఉన్న చెత్తకుండీ దగ్గరికి ఆ డబ్బా పట్టుకుపోయి మూత తీశాను. డ్రైవరు యాకూబ్ భాయ్ కిందికి దిగి వచ్చాడు.

"టీచరమ్మా, గది పారెయ్యకుండ్రి. పిడికెడు బియ్యమే గదా?"

తెలుగు, అదీ మన దిక్కు తెలుగు! "మాది కోరుట్లనే. మా ఇంటెనుక దేవమ్మ పెద్దమ్మ గిట్లనే డబ్బల తీసేది, ఐతారం మీ చర్చికాడికి మోసుకపోయింది నేనే. మీది మా దిక్కే అని ఎప్పుడో ఎర్కైంది, ఫోన్ల బిడ్డతోని మాట్లాడంగ ఇన్న. మీరు చెప్పొద్దనుకున్నరు, నేను గూడ అడగలే" అన్నాడు. కోపం లేదు, ఎగతాళి లేదు, తమ్ముడు అక్కతో అన్నట్టే అన్నాడు.

"పురుగు పట్టింది యాకూబ్ భాయ్" అన్నాను. ఆ దేశంలో ఎదుటి మనిషితో నేనాడిన మొదటి తెలుగు మాట అదే.

"మూసి దాసిపెడితె పట్టదా మరి? ఎండల పోస్తె పురుగే పోతది, గీడ ఎండకేం తక్వ! శుక్రారం మీ ప్రార్థనోళ్ళను దింపేది నేనే, తయారుగుండుండ్రి" అని నవ్వాడు.

ఆయన బియ్యం గురించే అన్నాడు, నాకు మాత్రం ఆ మాట నా గురించే వినబడింది. ఎవరి నోటితో మాట్లాడాలో దేవునికి తెలుసు, దేవునికే మహిమ!

రెండు రోజులు మిద్దె మీద ఎండబోసి, చెరిగి, శుక్రవారం ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకొని వ్యానెక్కాను. హాలు నిండా మగవాళ్ళే. ప్రార్థన నడిపే ప్రకాశ్ అన్న ఊరు సిరిసిల్ల, ఒకప్పుడు సాంచాల మీద బట్ట నేసిన మనిషి. డబ్బాలో చేయి పెట్టి, "మా అవ్వ పోయినంక గీ బియ్యం మల్ల సూడలే చెల్లె" అని అందరి ముందు కళ్ళు తుడుచుకొని, నన్ను ప్రార్థన చేయమన్నాడు. మోకరించాను. ఇంగ్లీషు రాలేదు, పుస్తకాల తెలుగూ రాలేదు.

"ప్రభువా, నాది కోరుట్ల. కాదని అబద్ధమాడిన. నా వాళ్ళను సూసి తల తిప్పుకున్న, తప్పైంది తండ్రీ. బిడ్డ యాదికి రాని గడియ లేదు, నాతోని అయితలేదు. తోలుతె ఇంటికి తోలు, ఉంచుతె నన్ను నిలవెట్టు, నీ ఇష్టం."

ఆ మధ్యాహ్నం నా బియ్యం కూడా కలిపి పెద్ద గిన్నెలో వండారు. అన్నం, పప్పు, అంతే. వరసలో కూర్చొని తిన్నాను, మళ్ళీ పెట్టించుకొని తిన్నాను! చేయి కడుక్కుంటుంటే మా ఆయన ఫోను. ఆ రోజే జగిత్యాలలో తెలంగాణ కోసం వంటావార్పు, జనమంతా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకొని తింటున్నారట, మన మందిరంలోని పిడికెడు బియ్యం సంచులు కూడా అక్కడికే తెచ్చారట. ఇంతలో కృప ఫోను లాక్కుంది.

"మమ్మీ, నా బియ్యం అందరు తిన్నరు! నువ్వు తిన్నవా?"

"తిన్న బిడ్డా. కడుపునిండ తిన్న."

నలభై రోజుల తర్వాత నా బిడ్డతో నేను చెప్పిన నిజం అది. ఆ రాజీనామా కాగితం అక్కడే చింపేశాను. మరునాడు స్టాఫ్ రూములో, నాది కోరుట్ల, మన బడి ముందర రాళ్ళు పరిచినవాళ్ళు మా దిక్కువాళ్ళే అని చెప్పాను. రెండు రోజులు కొందరు నాతో మాట్లాడలేదు, తర్వాత వాళ్ళే మాట్లాడారు. ఆరో నెలలో ఉద్యోగం ఖాయమైంది, ఎండలు ముదరకముందే కృప నా దగ్గరికి వచ్చింది.

రంది పోయిందా అంటే పోలేదు. ఇప్పటికీ సెలవులయ్యి విమానం ఎక్కేముందు ఈ ఊరి కోసం, ఇక్కడే ఉండిపోయే మా ఆయన కోసం వెనక్కి తిరిగి చూస్తూనే ఉంటాను. కానీ దాన్ని మూసిపెట్టుకోవడం మానేశాను. మీలో ఎవరైనా మీ బాధను డబ్బాలో పెట్టి మూత బిగించుకొని వచ్చారేమో, సహోదరీ, మూత తీయమ్మా! పురుగు పట్టిందని సిగ్గుపడకు, తెచ్చి ఆయన ముందర పోసెయ్, ఆయన వద్దనడు.

అదిగో, గుమ్మం దగ్గర సంచిలో బియ్యం పోస్తున్నదే, అదే నా కృప. ఇప్పుడు దాని పిడికిలి నా పిడికిలి కంటే పెద్దది. అయినా రోజూ రెండుసార్లే తీస్తుంది.