రిలీవర్ ఎవరని అడిగాకే నేపాల్‌కి సంతకం

విదేశంలో స్వచ్ఛంద సేవ చేయాలని ఏడాదిగా నా కోరిక. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి, సోలార్ ప్యానెళ్ళు బిగించే పని చేస్తున్నాను. ఇంతవరకు దేశం దాటింది లేదు. వెతికి వెతికి రెండు కార్యక్రమాల దగ్గర ఆగాను. ఒకటి సముద్రం మధ్య దీవిలో రెండు వారాలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం. రెండోది నేపాల్ కొండల్లో మూడు నెలలు బడుల సోలార్ దీపాలు బాగుచేయడం. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా, ఫోటోలు చూశాక మనసు దీవి వైపే లాగింది. అబద్ధమెందుకు.

శనివారం ఉదయం నేపాల్ వాళ్ళ సమావేశానికి పక్క ఊరు దుర్గ్‌కి బయలుదేరుతుంటే, స్టీలు ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరైన నాన్న గుమ్మంలో ఆపాడు.

"టూరుకెల్తన్నావా, పనికెల్తన్నావా?"

"పనికే నాన్నా."

"మరి నువ్వొచ్చేత్తే ఆ పని ఎవులు సూత్తారు? నీ రిలీవరెవులు?"

ప్లాంటులో షిఫ్టు ముగిసినా, తర్వాతి మనిషి, అంటే రిలీవర్, వచ్చి పని అందుకునేదాకా ఫర్నేసు వదిలి కదలకూడదు. పండగ భోజనాలకు నాన్న సాయంత్రం ఇల్లు చేరేది అందుకే. నాకు ఒళ్ళు మండి, విసవిసా వెళ్ళిపోయాను.

మా బస్తీ క్యాంప్ 1 నుంచి సుపేలా కూడలికి షేర్ ఆటోలో పదిహేను రూపాయలు. అక్కడ మారితే దుర్గ్ స్టేషన్‌కి ముప్పై రూపాయలు, నలభై నిమిషాల దారి. రెండో ఆటో నిండేలోపు దీవి వాళ్ళకు ఫోన్ చేసి నాన్న ప్రశ్నే అడిగాను. "మీ తర్వాత ఇంకో బ్యాచ్ వస్తుంది మేడమ్, మళ్ళీ మొదటి పాఠం నుంచి చెబుతారు" అన్నారు. ఆ పిల్లలు ఏబీసీడీలు ఎన్నిసార్లు నేర్చుకున్నారో పాపం.

"క్యా హువా దీదీ?" అన్నాడు డ్రైవర్ నా మొహం చూసి.

"రాంగ్ నంబర్ భయ్యా" అన్నాను.

పదకొండింటికి, స్టేషన్ వెనక చిన్న హాల్లో, నేపాల్ నుంచి వచ్చిన నిర్వాహకురాలినీ అదే అడిగాను. ఆవిడ చిరిగిన రిజిస్టరు తెరిచారు. ఏ దీపానికి ఏం చేశారో, ఎవరి చేతికి అప్పగించారో పేజీ పేజీనా ఉంది. "చివరి మూడు వారాలు నువ్వు దీపం ముట్టుకోకూడదు. ఊరి అమ్మాయిలిద్దరు చేస్తుంటే చూడటమే నీ పని" అన్నారు హిందీలో, వాళ్ళ పేర్లు కూడా చెప్పి. అక్కడే సంతకం పెట్టాను.

ఇంటికొచ్చి జరిగింది నాన్నకు చెప్పాను. సాయంత్రం పక్కింటి మావయ్య "పాప టూరుకెల్తందంట" అన్నాడు.

"టూరు కాదురా," అన్నాడు నాన్న. "డ్యూటీకెల్తంది."

తన పనిని తప్ప ఇంకెవరి పనినీ నాన్న ఆ మాటతో పిలవగా నేను వినలేదు. చెప్పుకుంటే గొప్పలంటారు, అయినా చెప్పుకుంటాను, ఎంత గర్వంగా ఉందో. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఫారం నింపే ముందు, మీరు వచ్చేశాక ఆ పని ఎవరి చేతిలో ఉంటుందో అడగండి. పేర్లు చెప్పగలిగితేనే సంతకం పెట్టండి. నా రిలీవర్ల పేర్లు మాయ, సుస్మిత.